నవలలో చావుకు నాయనమ్మ స్నానం

నా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలోని మా ఇంట్లో ఒక్క ప్రశ్నకు మాత్రం ఎవరూ సరిగా బదులిచ్చేవారు కాదు. లారీ మీద ఉత్తరాదికి పోయిన మా చిన్నాయన నాలుగేళ్లయినా తిరిగి రాలేదు. మనిషీ లేడు, కబురూ లేదు. నాయనమ్మ రోజూ అడిగేది. "వస్తడు తియ్" అని మా బాపు మొహం తిప్పుకునేవాడు. అడిగీ అడిగీ ఆమె, తప్పించుకునీ తప్పించుకునీ మేము, అందరం అలసిపోయాం.

పక్కింటి అక్క అప్పట్లో హైదరాబాదులో డిగ్రీ చదివేది. ఎండాకాలం సెలవులకు కాలేజీ లైబ్రరీ నుంచి ఒక రష్యా నవల తెచ్చుకుంది. ఇంగ్లీషులోకి మార్చినది, ఇటుకంత లావు. మధ్యాహ్నం నాయనమ్మ చింతపండులో గింజలు తీస్తుంటే, అక్క నాలుగు పేజీలు లోలోపల చదువుకుని మన మాటల్లో చెప్పేది. ఆ నోరు తిరగని పేర్లన్నీ తీసేసి అందులోని అన్నదమ్ములకు పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పెట్టింది. అక్కడ మంచు ఎంత కురిసినా నాయనమ్మకు పట్టలేదు గాని, యుద్ధానికి పోయిన చిన్నోడి సంగతి మాత్రం రోజూ అడిగేది.

ఒకరోజు అక్క నన్ను గోడ దగ్గరికి పిలిచి, చిన్నోడు చచ్చిపోతాడని చెప్పింది. "చెప్పకక్కా. బతికిండని చెప్పు, ఎవరికి తెలుస్తది?" అని బతిమాలాను. నా తెలివి మీద నాకు అప్పట్లో మహా నమ్మకం.

"మీ ఇంట్ల అందరు గదే జేస్తున్నరు గద. నేను గూడ జెయ్యాల్నా?" అంది అక్క.

ఆ మధ్యాహ్నం ఉన్నదున్నట్టు చెప్పేసింది. చిన్నోడు లడాయిలో పోయాడని, తోటి సిపాయి ఆ చిన్నోడి తల్లికి ఉత్తరం రాశాడని. నాయనమ్మ చేట పక్కకు పెట్టి లేచింది. పెరట్లో గోలెంలోని నీళ్లు చెంబుతో ముంచుకుని, కట్టుచీరతోనే నెత్తి మీద పోసుకుంది. అయినవాళ్ల చావు కబురు వింటే మా ఇళ్లలో అట్లాగే చేస్తారు. పుస్తకంలో మనిషికి మైలేమిటని నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నవ్వకు బిడ్డా. గా తల్లి నసీబు మంచిది. కబురన్న అందింది" అంది నాయనమ్మ.

అప్పుడే బాపు పని నుంచి వచ్చాడు. తడిసి నిలబడ్డ తల్లిని చూసి "ఎవరు పోయిన్రే?" అన్నాడు. ఆమె అతని కళ్లలోకి చూసింది.

"నువ్వే చెప్పు."

బాపు టిఫిను డబ్బా కింద పెట్టి, అంగీ అయినా విప్పకుండా గోలెం దగ్గరికి పోయి చెంబు అందుకున్నాడు. లారీ లోయలో పడిన సంగతి ఆయనకు రెండేళ్ల కిందటే తెలుసట. ఆ సాయంత్రం చిన్నాయన కోసం మేమంతా గొంతెత్తి ఏడ్చాం.

పెద్దయ్యాక నేను దవాఖానలో నర్సుగా ముప్పై ఏళ్లు చేశాను. బయట నిలబడ్డవాళ్లకు లోపల తమ మనిషి పోయిన మాట చెప్పే పని ఎక్కువసార్లు నా మీదే పడేది. ప్రతిసారీ చెప్పి వచ్చాక ఒంట్లో సత్తువ ఉండేది కాదు. డాక్టరుగారు చెప్తారు, కూర్చోండి అని తప్పుకోవడం తేలికే. నేను మాత్రం పక్కన కూర్చుని నా నోటితోనే చెప్పేదాన్ని. రిటైరై ఇన్నాళ్లయినా ఆ అలసట తీరలేదు, ఇక తీరదు కూడా. ఒక తల్లిని ఏళ్ల తరబడి వాకిట్లోకి చూస్తూ కూర్చోబెట్టడం కంటే ఇదే నయం.