మామయ్య నిలబడ్డ చోటు

లోకంలో ఎక్కడ మూడు వస్తువులు కనిపించినా, వాటిని కలుపుతూ మనసులోనే ఓ వృత్తం గీసి, దాని కేంద్రం ఎక్కడుందో పట్టుకుంటే గానీ వడ్రంగి మామయ్యకు ముద్ద దిగదు. ఏడో తరగతిలో చదువు ఆయన్ని వదిలేసిందో, ఆయనే చదువుని వదిలేశాడో తేలలేదు కానీ, జేబులో నూలుతాడు మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఒకసారి ఇంట్లో మూడు గదులకీ సమదూరంలో ఉండాలని కాలింగ్ బెల్లుకి చోటు వెతికితే, ఆ బిందువు పక్కింటి వంటగదిలో తేలింది. మామయ్య మేకూ సుత్తీ పట్టుకుని వెళ్ళాడు. పక్కింటావిడ అట్లకాడతో ఎదురొచ్చింది.

"అధికకోణ త్రిభుజం తల్లీ! కేంద్రం బయటే పడుతుంది. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు ఈయన.

మేనకోడలికి మాత్రం నవ్వొచ్చే రోజులు కావవి. లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పింది. ఈసారీ పోతే డ్రాయింగ్ శిక్షణలో దొరికిన సీటు పోతుంది. రెండుసార్లూ ముంచింది ఒకటే లెక్క: మూడు బిందువులిచ్చి, వాటి మీదుగా పోయే పరివృత్తానికి కేంద్రం కనుక్కోమనేది.

"ముందు బొమ్మ వెయ్యవే. లంబకోణం కనిపించిందా, ఇక సూత్రాలతో పన్లేదు. దాని ఎదురు భుజానికి సరిగ్గా సగంలో కూర్చునుంటుంది కేంద్రం."

"బొమ్మకి మార్కులెవరిస్తారు మామయ్యా!"

"మార్కులు తర్వాత. ముందు చెయ్యి వణకడం ఆగుతుందిగా."

పరీక్షలో ఆ లెక్క రానే వచ్చింది: (1, 2), (7, 2), (1, 10). సూత్రం సగం దాకా వచ్చి మాయమైంది. దిక్కుతోచక కిటికీలోంచి కిందికి చూసింది. నాలుగు వైపులా భవనం, మధ్యలో నలుచదరపు ఆవరణ. మిగతా పిల్లల కోసం వచ్చినవాళ్ళంతా వరండా నీడలో ఉంటే, మామయ్యొక్కడే నట్టనడుమ, మడమలు మునిగే బురదగుంటలో, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడున్నాడు. వాచ్‌మన్ బతిమాలుతున్నాడు. ఈయన కదలడు.

ఒళ్ళు మండింది. అంతలో ఆవరణ మూలల్లో ఉన్న మూడు మెట్లదారులూ కంటబడ్డాయి. మూడు బిందువులు. వాటి మధ్య లంబకోణం. ఎదురు భుజానికి సగంలో మామయ్య!

గబగబా బొమ్మ వేసింది. కేంద్రం (4, 6), వ్యాసార్థం 5.

గంట కొట్టారు. రద్దీ ఎక్కువై, ఎప్పుడూ మూసుండే నాలుగో మూల మెట్లు కూడా తెరిచారు. ఆమె అటునుంచి దిగింది. మామయ్య మెడ ఫ్యానులా మిగతా మూడు దిక్కులకీ తిరుగుతోంది.

"మామయ్యా! ఆ బురదలో ఏం పని?" అని మెట్ల కిందనే నిలబడి కేకేసింది.

"ఏ మెట్లమీంచి ఏడుస్తూ దిగుతావో తెలీదు కదే. ఎటు దిగినా ముప్పై అంగల్లో అందుకుందామని..."

"ఏడవలేదుగా. లెక్క వచ్చేసింది!"

మామయ్య మొహం వెలగాల్సింది పోయి పాలిపోయింది. "అది సరే, నాలుగో మూల నుంచి దిగావేంటి? అది నా లెక్కలోనే లేదు!" అంటూ అక్కణ్ణుంచే అంగలు లెక్కపెట్టుకుంటూ బయల్దేరాడు.

"ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది... ఇదీ వృత్తం మీదే ఉందే పిల్లా!"

ముప్పయ్యో అంగ, బురదతో సహా, సరిగ్గా ఆమె కొత్త చెప్పు మీద పడింది.