చింతగింజ దొరికిన మంగళవారం

పక్కింట్లో వేడి పెనం మీద నెయ్యి వేసిన చప్పుడు గోడ ఇవతలికి వినిపించింది. ఆ వెంటనే కాలిన బెల్లం వాసన. ఆళ్ళగడ్డలో నేను అద్దెకుంటున్న గదిలో దిద్దాల్సిన పరీక్ష పేపర్లు పక్కకు జరిపి డైరీ తీశాను. బొబ్బట్లు, మా వైపు మాటలో ఓళిగలు, కాలే వాసన తగిలితే నాకు నంద్యాల హాస్టలూ, ఎస్తేరమ్మగారూ గుర్తుకొస్తారు.

డెబ్బైల చివర్లో శిరివెళ్ల నుంచి వెళ్ళి ఆ ఆడపిల్లల హాస్టల్లో చేరాను. ఎస్తేరమ్మగారు మా మేట్రను. ఆమె భర్త రైల్వే గార్డు. ఆయన ఉన్న రోజుల్లో కొన్నేళ్ళు గోవాలో, వాస్కో రైల్వే క్వార్టర్సులో కాపురం చేశారట. ఆయన పోయాక ఒక ట్రంకుపెట్టెతో పాటు ఒక పండుగను కూడా సొంత ఊరికి తెచ్చుకున్నారు. ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు, అంటే లెంటు దినాలు, మొదలయ్యే బూడిద బుధవారానికి ముందు రోజు, మంగళవారం పండుగ అది. నంద్యాలలో ఇంకెవరైనా దాన్ని చేయగా నేను చూడలేదు.

ఆ రోజు పొద్దున్నే రోటి ముందు కూర్చుని ఉడికిన శనగపప్పు రుబ్బుతూ చెప్పేవారు. "యెనకట ఈ నలభై దినాలు మాంసం, గుడ్లు, నెయ్యి ముట్టేటోళ్ళు గాదు మే. ఇంట్లో ఉండేదంతా చెడిపోతాది గదా? అందుకే ముందు దినమే కడుపునిండా తిని ఖాళీ చేసేటోళ్ళు. మాంసానికి పోయొస్తామని చెప్పేదే కార్నివాల్ అంట." గోవాలో మొహాలకు రంగులు పూసుకుని ఒకరి మీద ఒకరు పిండి చల్లుకునేవారట. ఒక లావుపాటి మనిషికి కిరీటం పెట్టి ఊరేగిస్తే, తినండి, ఎగరండి అని ఆ రాజు ఊరికంతా హుకుం ఇచ్చేవాడట. అంతకు ఎంతో ముందు రోములో యజమానులే దాసులకు వడ్డించే చలికాలపు పండుగ ఉండేదనీ, ఈ తలకిందుల ఆట అక్కడి నుంచే వచ్చిందని కొందరంటారనీ కూడా ఆమే చెప్పారు. అవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. అడగాలనుకున్న ప్రశ్నలు కూడా డైరీలోనే రాసుకునేదాన్ని. నోరు తెరిచి ఒక్కటీ అడగలేదు.

దూరదేశాల్లో కేకులో గింజ దాస్తారని ఆమె ఎవరి దగ్గరో విన్నారు. మాకు కేకు ఎక్కడిది? కడిగిన చింతగింజను ఒక ఓళిగలో పెట్టేవారు. అది ఎవరి పళ్ళకు తగిలితే ఆ రోజుకు వాళ్ళే రాణి. రాణి మాటను హాస్టలు కప్పు కింద ఉన్న ప్రతి మనిషీ వినాలి. ఒక ఏడు రుద్రవరం పిల్ల మార్తమ్మ రాణి అయి, మేట్రనమ్మ చేత మూడు జడలు వేయించుకుంది. మరుసటి ఏడు రాణి మేట్రనమ్మనే చిందులేసి ఎగరమంటే, మోకాళ్ళ నొప్పితోనే చీర కుచ్చిళ్ళు దోపి ఎగిరారు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు గింజ నా పంటికి తగిలింది. మింగడానికి భయం, ఉమ్మడానికి సిగ్గు. దవడలో దాచుకుని తలవంచుకున్నాను. ఎస్తేరమ్మగారు నెయ్యి వడ్డిస్తూ నా ముందు ఆగారు.

"ఏమ్మే రూతూ, కిరీటం నెత్తిన పెట్టుకుంటారు గానీ నోట్లో పెట్టుకుంటారా?"

అందరూ విరగబడి నవ్వారు. కాగితం కిరీటం పెట్టి నన్ను బల్ల ఎక్కించారు. ఆ పూట మా హెడ్‌మిస్ట్రెస్ కూడా భోజనానికి వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు.

"రాణి హుకుం ఇచ్చేదాంక ఇంగెవురూ తినగూడదు," అన్నారు ఎస్తేరమ్మగారు.

"సెప్పు మే! సల్లారిపోతాండాయి!" అని మార్తమ్మ అరిచింది. "ఏందో ఒగటి సెప్పు, నన్ను గుంజీలు తీయమను, తీస్తా!"

నాకు కావలసింది ఒక్కటే. వరండాలో అద్దాల తలుపుల అలమర ఉండేది, నిండా పుస్తకాలు. పిల్లలు చింపుతారని హెడ్‌మిస్ట్రెస్ దానికి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకునేవారు. మూడేళ్ళుగా అద్దంలోంచి పేర్లు చూసి డైరీలో ఎక్కించుకుంటున్నాను. చదవని పుస్తకాల పేర్లే పేజీలకు పేజీలు ఉండేవి. ఈ ఏడు దాటితే నాకు హాస్టలే ఉండదు.

"అలమర తెరవాల. అందరికీ తలా ఒగ పుస్తకం ఇయ్యాల," అన్నాను.

హెడ్‌మిస్ట్రెస్ మేట్రనమ్మ వైపు చూశారు.

"నన్ను సూస్తే ఏం లాభం అమ్మగారూ? నన్నే ఎగిరిచ్చినారు ఈళ్ళు," అన్నారామె.

హెడ్‌మిస్ట్రెస్ నవ్వలేదు గానీ తాళంచెవి తీశారు. ఆ మధ్యాహ్నం వరండా అంతా పుస్తకాలు ముందేసుకున్న పిల్లలే.

మరునాడు మా చర్చి గుడిలో పాస్టరయ్యగారు మా నొసళ్ళ మీద బూడిద పెట్టారు. తిరిగి వచ్చాక ఎస్తేరమ్మగారు వరుసగా అడిగారు, ఈ నలభై దినాలు ఎవరు ఏది విడుస్తారని. ఒకరు టీ అన్నారు, ఒకరు బెల్లం. నేను మెల్లగా గుడ్డు అన్నాను.

"నువ్వు ఇడ్సాల్సింది గుడ్డు గాదు మే. ఈ గమ్మునుండేది ఇడ్సు."

ఆ మాట ఇంకా చెవిలో ఉండగానే హెడ్‌మిస్ట్రెస్ వచ్చారు. "పండుగ అయిపోయింది. పుస్తకాలన్నీ లోపల పెట్టండి," అన్నారు. అందరూ ఎస్తేరమ్మగారి వైపు చూశారు. ఆమె నన్నే చూస్తూ నిలబడ్డారు. నా నెత్తిన కిరీటం లేదు, ఎక్కడానికి బల్లా లేదు.

"అమ్మగారూ, సగం సగం సదివినాము. అయిపోయినాక ఇస్తాము," అన్నాను.

"చింపితే ఎవరు పూచీ?"

"నేను."

హెడ్‌మిస్ట్రెస్ నడుముకున్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. వెనక ఎవరో ఈల వేశారు. మార్తమ్మే అయ్యుంటుంది. ఎస్తేరమ్మగారు మాత్రం వంటింట్లోకి పోయి, లెంటు దినమని కూడా చూడకుండా గట్టిగా పాట అందుకున్నారు.

రెండు వారాల తర్వాత మార్తమ్మ పుస్తకం మీద సాంబారు ఒలకబోసింది. నేనే తీసుకెళ్ళి చూపించి, తిట్లు తిని, తడిసిన పేజీలు ఎండబెట్టాను. తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ఎస్తేరమ్మగారు పోయి రెండేళ్ళయింది. నేను ఇప్పటికీ బిడియస్తురాలినే. స్టాఫ్ మీటింగులో లేచి నిలబడాలంటే బెరుకే, అయినా చెప్పాల్సింది చెప్పే కూర్చుంటాను. ఆ ఏడు ఈస్టరు ఆదివారం నాడు హాస్టల్లో అందరూ విడిచినవన్నీ మళ్ళీ మొదలుపెట్టారు, టీ తాగారు, బెల్లం తిన్నారు. నేను విడిచినదాన్ని మళ్ళీ పట్టుకోలేదు.