చిక్కుడు తీగ శాలువా

ఇక్కడి అరవ లెక్కన ఆవణి నెల మొదటి బుధవారం. పొద్దున షిఫ్టుకు పిలిచే మిల్లు సంగు ఊదినా పక్కింటి అవ్వ తలుపు తెరుచుకోలేదు. మా పీలమేడులో ఆ కూత వినగానే వాకిట నీళ్ళు చల్లే మనిషి ఆమె. మిల్లులో దారం చుట్టే పని మానేసి ఏళ్ళయినా ఆ అలవాటు మానలేదు. అమ్మ వెళ్ళి చూసింది. అవ్వ నిద్రలోనే వెళ్ళిపోయింది. తల దగ్గర గంపలో, అల్లడానికి ఒక్క కొన మాత్రం మిగిలిన ఉన్ని శాలువా సూదులతో సహా ఉంది.

ఆ శాలువా ఊటీలో ఉన్న తన చెల్లెలికి. అవ్వకు అల్లిక నేర్పింది ఆమే; ఇప్పుడు చలికి వేళ్ళు వంగిపోయి సూది పట్టుకోలేదు. అంచు పొడుగునా అవ్వ తన పెరటి చిక్కుడు తీగను దించింది. కొన్ని కుట్లను పక్క సూది మీద ఆపి, మిగతావి అల్లితే జడలా మెలిక పడుతుంది. ఆ సూదిని ముందుకు ఆపాలో వెనక్కు ఆపాలో, అవ్వ దగ్గర నేర్చుకుంటున్న నాకెప్పుడూ సందేహమే.

"ముందరికా అవ్వా, వెనకకా?"

"నన్నేల అడిగేది? తీగను పోయి చూడు. అది ఎప్పుడైనా మాట మార్చిందా?"

పెరట్లోకి పరిగెత్తేదాన్ని. తాడు చుట్టూ తీగ ఎప్పుడూ ఒకే వైపు తిరిగి ఉండేది. వచ్చి చెబితే, "రొంబ తొందర నీకు. పువ్వు చూస్తివా? అదీ చూసి రా" అని మళ్ళీ పంపేది. ఇప్పుడు అవ్వ గురించి ఇది రాస్తూ, నేను ఏ మాట రాయబోయినా ముందు లేచి వెళ్ళి ఆ వస్తువును చూసి వస్తున్నాను.

శాలువాది నెలవంక ఆకారం. నెలవంక కనిపిస్తే చీర కొంగులోంచి పోగు లాగి చంద్రుడికని వేయడం మా ఇళ్ళలో ఆడవాళ్ళకు అలవాటు. "ఇన్నినాళ్ళూ ఆయనకు తెగిన పోగులే ఇస్తిని పాపా. ఈసారి తెగకుండా ఒకటి చేస్తాను," అనేది అవ్వ.

అయినా ఒకసారి ఉన్ని ఉండ అయిపోతే, కొత్త ఉండకు మిల్లులో వేసే ముడే వేసి కొసలు మొదలంటా కత్తిరించేసింది. నూలుకు నిలిచే ముడి ఉన్నికి నిలవలేదు. తెల్లారేసరికి ఊడి, కుట్లు జారిపోయాయి.

"ఏమత్తా, ముడి వేయను మరిచిపోతివా?" అని మా అమ్మ నవ్వింది.

"మిల్లులో పడిన చెయ్యి. దారం తెగితే నన్ను అడగకనే కట్టేస్తుంది," అంది అవ్వ, జారిన వరసలు విప్పుకుంటూ.

నిన్న కర్మ ముగిసింది. అవ్వ చెల్లెలు గంప తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వు ముగిస్తావా పాపా? లేకుంటే ఇట్లనే కప్పుకొని బస్సెక్కుతాను, సూదులతో."

ఇద్దరం నవ్వాం. గంప నా ఒళ్ళోకి తీసుకున్నాను.

ఎల్లుండి ఆమె తిరిగి ఊటీ బస్సెక్కుతుంది. మిగిలింది ఒక్క మెలిక, ఆపైన కొన. మెలిక ఎటు పడాలో పాత వరసలు చూస్తే తెలుస్తుంది. అయినా రేపు సంగు ఊదగానే మొదట అవ్వ వాకిట నీళ్ళు చల్లుతాను. ఆ తర్వాత పెరట్లోకి వెళ్ళి తీగను చూసి వస్తాను. పువ్వును కూడా.