పలకరింపుకొచ్చి సినిమా చూసినవాళ్ళు

మా చిన్నాన్న పోయాడన్న కబురు వాషర్‌మెన్‌పేట్‌లో పెదనాన్న బట్టలకొట్టుకు చేరే వేళకు, ఊరికి ఆ చివర మ్యూజియంలో చిన్నాన్న సినిమాల కోసం తెర కడుతున్నారు. ఆయన జీవితమంతా తీసినవన్నీ ఒకచోట చూపించే ప్రదర్శన అది. ఆ వారంలోనే మొదలుకావాలి.

చిన్నాన్న ఎవరో మీకు తెలియకపోవచ్చు. మా బంధువులకే సరిగా తెలియదు. స్టూడియోలో ఎడిటింగ్ పని చేస్తూ, అక్కడ మిగిలిపోయిన ఫిల్ముతో కలల్లాంటి సినిమాలు తీసేవాడు. ఒకదాంట్లో పిన్ని ఇడ్లీపాత్ర మూత తీస్తే లోపల తాళంకప్పలు ఉడుకుతుంటాయి. నాయనమ్మ వాటిని చట్నీతో తింటుంది.

నటులంటూ ఎవరూ లేరు. ఆదివారం కొట్లు మూసేశాక దొరికిన చుట్టాలే నటులు. కథ చెప్పేవాడు కాదు. "నటించబాకండి. ఇంట్లో ఎట్టుంటారో అట్టే ఉండండి" అనేవాడు. తాళంకప్పను చూసి నాయనమ్మ నవ్వితే మాత్రం ఒప్పుకోలేదు. "కలలో ఎవురూ ఆశ్చర్యపోరు గదమ్మా, నువ్వూ ఆశ్చర్యపోబాక" అన్నాడు. ఆ మాట నాకు తర్వాత చాలా చోట్ల పనికొచ్చింది.

ఫిల్ముముక్కలు చొక్కాజేబులో వేసుకుని మరిచిపోయేవాడు. పిన్ని చూసుకోకుండా ఉతికేసేది. ఓసారి మరకలు పడ్డ ముక్కను అలాగే అతికించి, ఇది మీ పిన్ని తీసిన సీను అని నాకు గర్వంగా చూపించాడు.

ఇంతమంది వేషాలు వేశారు గాని ఒక్కరూ ఆ సినిమాలు చూడలేదు. పెదనాన్న వేషమూ వేయలేదు. సినిమా పూర్తయిన ప్రతిసారీ చిన్నాన్న కొట్టుకు వెళ్ళి పిలిచేవాడు. "తీరితే వస్తాలేరా" అనేవాడు పెదనాన్న, గుడ్డ కొలుస్తూనే. అన్న ఒక్కసారి వచ్చి చూస్తే చాలని చిన్నాన్న ఆశ. బయటికి మాత్రం ఏమీ అనేవాడు కాదు. పిన్ని చెబితేనే నాకు తెలిసింది.

ప్రదర్శన ఆపేయాలని పెద్దలంతా పట్టుబట్టారు, మైలలో ఈ వేడుకేమిటని. మ్యూజియంవాళ్ళు కూడా వాయిదా వేద్దామన్నారు. పిన్ని వినలేదు.

"దీపమొద్దు, దండలొద్దు. నేను ఆడ కూచోనుంటా. దుక్కం విచారించను వచ్చేవాళ్ళు ఆడికే రాండి" అంది.

మావాళ్ళలో పలకరింపు ఎగ్గొట్టడం జరగని పని. వచ్చి కాసేపు మాట్లాడకుండా కూర్చోవాలి, వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని అనకుండా లేచి వెళ్ళిపోవాలి. అందుకని అందరూ వచ్చారు. పిన్ని ముందువరసలో కూర్చుంటే ఆమె వెనక కూర్చున్నారు. ఎదురుగా తెర ఉంది కాబట్టి చూశారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతున్నవాళ్ళను చూసి, ఇంతమందికీ నచ్చలేదేమోనని మ్యూజియం అధికారిణి దిగులుపడింది. అది మా ఆచారమని ఆమెకు నచ్చజెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

పెదనాన్న అందరికన్నా ఆలస్యంగా వచ్చాడు. అప్పుడు నడుస్తున్నది ఊరి శివారున మనలిలో తీసిన సినిమా. రిఫైనరీ పొగగొట్టాల కింద రోడ్డు పొడుగునా తెల్లటి గుడ్డ పరిచి ఉంది. దాని మీద మా మేనత్తలు పడవలో కూర్చున్నట్టు కూర్చుని, పురసవాక్కం ఎప్పుడొస్తుందని ఒకరినొకరు అడుగుతున్నారు. పక్కన లారీలు పోతున్నాయి.

సినిమా అయిపోయింది. మళ్ళీ మొదలైంది. పెదనాన్న లేవలేదు.

"పోదామా పెదనాన్నా?" అన్నాను.

"ఉండమ్మా. మన కొట్టు గుడ్డే అది. లారీల గాలికి లేవకుండా ఎట్ట పరిచినాడు? వాణ్ణొక మాట అడగాల" అని, నా మొహం చూసి ఆగిపోయాడు.

ఆయన మీద నాకు కోపం రావలసింది. జాలేసింది.

కాసేపటికి లేచి తెర దగ్గరికి నడిచాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. కొట్లో కొత్త సరుకు చూసినట్టే తెర అంచును రెండు వేళ్ళ మధ్య పట్టి నలిపి చూస్తూ నిలబడ్డాడు. ఆయన వీపు మీదుగా లారీలు పోతున్నాయి.