పెద్దల ముందు తుంచని మాట

పెనుగొండలో జగన్నాథరావు మాస్టారి దగ్గర ట్యూషన్ చదివిన పిల్లల్ని ఎక్కడున్నా ఇట్టే పట్టేయొచ్చు. ఇంగ్లీషులో ఒక్క ముక్క అడిగి చూడండి. ‘డోంట్ నో’ అని లోకమంతా తేల్చేసే చోట వీళ్ళు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, “ఐ డూ నాట్ నో సర్” అంటారు. ఆ చివర ‘అండి’ తగిలించే ఘనులు కూడా ఉన్నారు. అలాగని మాస్టారికి ‘డోంట్’, ‘కాంట్’, ‘అయామ్’ తెలియక కాదు. బోర్డు మీద రాసి చూపించేవారు, పరీక్షల్లో రాయించేవారు. తన ముందు నోటితో మాత్రం అననిచ్చేవారు కాదు.

“మీ తాతగారు ‘భోంచేశావా’ అని అడిగితే ‘ఊఁ’ అంటావేంటిరా? ‘చేశానండి’ అంటావు కదా! పెద్దవాళ్ళ ముందు మాట తుంచకూడదు. ఏ భాషైనా అంతే” అనేవారు.

తల్లిదండ్రులు కూడా మురిసిపోయేవారు. మన వైపు మర్యాదంటే మాటకి ఇంకో ముక్క కలపడమే గానీ తీసెయ్యడం కాదు కదా!

రెండు వేల నాలుగులో వచ్చింది అసలు తంటా. సాయిదుర్గ అని, చిన్న తరగతుల నుంచీ ఆయన చేతిలో పెరిగిన పిల్ల. డిగ్రీ అయింది. రొయ్యల చెరువుకి తెగులొచ్చి మొత్తం తుడిచిపెట్టుకుపోయాక వాళ్ళ నాన్న బంగార్రాజు మంచం దిగడం మానేశాడు. అప్పుడే హైదరాబాదు కాల్ సెంటర్‌కి భీమవరంలో మనుషుల్ని ఎంచుకుంటున్నారని తెలిసి ఈ పిల్ల వెళ్ళింది. మొదటి వడపోతలో నెగ్గింది కూడా. కానీ అక్కడి మేడమ్ ఒక మాట చెప్పి పంపింది.

“నీ ఇంగ్లీషు బావుందమ్మా. కానీ కోర్టులో సాక్ష్యం చెప్తున్నట్టుంది. ఫోన్లో ఎవరూ అలా మాట్లాడరు. సోమవారానికి మార్చుకుని రా.”

సాయిదుర్గ తిన్నగా మాస్టారి దగ్గరికే వచ్చింది. ఇంకెక్కడికి పోతుంది పాపం! ఈ ఉద్యోగం రాకపోతే ఆ ఇల్లు ఎలా గడుస్తుందో మాస్టారికీ తెలుసు. పైకి మాత్రం, “ఓస్, ఇంతేనా! కూర్చో” అన్నారు.

ఆ పిల్ల కూర్చోలేదు. ఆయన ముందు ఎప్పుడు కూర్చుంది గనక?

“నేను ఫోన్ చేశాననుకో. నేనడిగింది నీకు తెలీదు. ఏమంటావు?”

“ఐ డూ నాట్...”

“డోంట్ అనమ్మా.”

“అలాగేనండి. ఐ డూ...” అని నాలుక కరుచుకుంది.

“నన్ను మాస్టారు అనుకోకు తల్లీ. ఎవడో దారినపోయే దానయ్య అనుకో.”

“అమ్మమ్మో! మిమ్మల్ని అలా ఎలా అనుకుంటానండి?”

బతిమాలారు, కసిరారు, నెత్తీ నోరూ కొట్టుకున్నారు. ఊహూఁ. చివరికి విసుగెత్తి పెరట్లోకి వెళ్ళిపోయారు. కాసేపటికి ఆయన భార్య అచ్చాయమ్మ వచ్చింది.

“ఏవండీ, నాతో అయితే పిల్ల గలగలా మాట్లాడేస్తోందండీ! నాకు ముక్క అర్థం కాలేదనుకోండి. మీరే అడ్డం.”

ఆ రోజు నుంచీ వంటింట్లో అచ్చాయమ్మ వంకాయలు తరుగుతుంటే, సాయిదుర్గ పక్కన పీట వేసుకుని “డోంట్ వరీ, ఐల్ చెక్” అని దంచేది. మాస్టారు పెరట్లో గోడకి వీపు ఆనించి వినేవారు. ఎంత బాగా వస్తోందో! లోపలికి అడుగుపెట్టి భేష్ అనాలని ప్రాణం కొట్టుకునేది. పెడితే ఆగిపోతుందని భయం. చదువు చెప్పిన మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది చెప్పండి?

సోమవారం బంగార్రాజు మంచం దిగలేదు. మాస్టారే తోడు వెళ్ళారు. భీమవరంలో ఆ ఎంపికలు జరిగే హోటల్ గుమ్మం దగ్గరే ఆగిపోయి, “నేను ఇక్కడే ఉంటానమ్మా, లోపలికి రాను” అన్నారు.

ఎంతోసేపు పట్టలేదు. పిల్ల తల వంచుకుని వచ్చింది.

“ఏమైంది తల్లీ?”

“ఆ మేడమ్ రాలేదండి. వేరే ఆయన అడిగారు. తెల్లజుట్టు, ముక్కు చివర కళ్ళజోడు... అచ్చం మీలాగే ఉన్నారండి. చూడగానే లేచి నిలబడిపోయాను.”

“మరి... మాట?”

“మొత్తం పాతదే వచ్చేసిందండి. ఇంకోసారి చూద్దాం అన్నారు.”

మాస్టారు లోపలికెళ్ళి ఆయన్ని బతిమాలదామనుకున్నారు. ఏమని బతిమాలాలి? ఈ పిల్లకి మర్యాద ఎక్కువైంది, క్షమించండి అనా?

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. ఒక్క సీటు దొరికింది.

“కూర్చో తల్లీ” అన్నారు మాస్టారు. “ఈ ఒక్కసారీ నా మాట విని కూర్చో.”

“అయ్యో, మీరు కూర్చోండి మాస్టారూ.”

పెనుగొండ దాకా ఆ పిల్ల నిలబడే వచ్చింది.