పశువుల పాక వెనక సంగటి

ఆ రోజుల్లో నా మనసెప్పుడూ తిండి మీదే ఉండేది. ఇప్పుడీ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు గానీ, అప్పుడు మాత్రం కొత్తగా టీచరమ్మనయ్యానని మొహం బిగించుకుని తిరిగేదాన్ని. కుప్పంలో ఒక ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. ఉండేది లేడీస్ హాస్టల్లో. ఆ హాస్టల్లో మధ్యాహ్నం వచ్చేదాన్ని సాంబారనేవాళ్లు, రాత్రి వచ్చేదాన్ని రసమనేవాళ్లు. (రెండూ ఒకటేనని మా గదిలో అందరికీ గట్టి అనుమానం.) అందుకే క్రిస్మస్ సెలవులకు మదనపల్లె బస్సెక్కి కూర్చోగానే నా కళ్ల ముందు కదిలింది కొత్త చీరా కాదు, ఇంటి ముందు వేలాడే నక్షత్రం దీపమూ కాదు. పొగలు కక్కే రాగి సంగటి ముద్ద, పక్కన టమాటా పప్పు, ఇంకో పక్కన చెనిక్కాయల ఊరిబిండి. (పల్లీ పచ్చడి అని మీరనొచ్చు, మా వైపు ఒప్పుకోరు.)

కానీ పండగ పూట సంగటి ఎవరు చేస్తారు? పండగ రోజు మా ఇంట్లో బిర్యానీ. మర్నాడు చర్చి అయ్యగారింట్లో బిర్యానీ. ఆ తర్వాత కురబలకోటలో నాయన స్నేహితుడింట్లో భోజనమంటే, పల్లెటూరు కదా, ఆకుకూరైనా దొరుకుతుందేమోనని ఆశగా వెళ్లాను. "టౌనోళ్లు వస్తాండారని బిర్యానీ చేయించినాం" అన్నారు వాళ్లు ఎంతో ప్రేమగా. మధ్యమధ్యలో కేకులు, కజ్జికాయలు, మురుకులు సరేసరి. నాయన టమాటా మండీలో గుమాస్తా. పొద్దున్నే లేచి మార్కెట్లో వేలంపాట అరిచే మనిషి, ఆ వారంలో కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, "ప్రభువా" అని లేస్తున్నాడు. "అమ్మా, సంగటి చెయ్యవా?" అని నేను గునిసినప్పుడల్లా, "పండగ పూట సంగటేందే, ఎవరన్నా వింటే నవ్వుతారు" అని అమ్మ నా నోరు మూయించేది.

నా సెలవులు అయిపోవడానికి ఒక్కరోజు ముందు అమ్మే చేతులెత్తేసింది. "ఇంకొక్క పూట మసాలా నూరితే నా రెక్కలు ఊడొస్తాయి. రేపు సంగటి చేస్తా. తినేవాళ్లు తినండి, లేనివాళ్లు పస్తుండండి" అంది. నాయన కుర్చీలోంచి చేతులు ఆనించకుండానే లేచాడు. పక్కింట్లో కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. నేను చిన్నప్పట్నించీ ఖాలా (ఉర్దూలో పిన్ని) అని పిలిచే ఆమె ప్రహరీ మీదుగా తల పెట్టి, "అక్కా, నాకు కూడా ఒక ముద్ద తీసిపెట్టు. క్రిస్మస్ కేకులు తిని తిని నా నాలిక చచ్చిపోయింది" అంది. (ఆ కేకులు పంపిన ఇళ్లలో మాదీ ఒకటి. అమ్మ విననట్టు ఊరుకుంది.)

సరిగ్గా అప్పుడే నాయన ఫోను మోగింది. పుంగనూరత్త. నాయనకు అక్క. ఆమె ఫోనులో మాట్లాడితే స్పీకరు పెట్టాల్సిన పని లేదు. "ఒరేయ్ చిన్నోడా, రేపు మధ్యాన్నానికి ముగ్గురూ వచ్చేయండి. పొట్టేలు కూర, బిర్యానీ. పాప మళ్లా కుప్పం పోతాది గదా!" నాయన మొహంలో రక్తం లేదు. మీకు ఆ భయం అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. అంతకుముందు అత్తకూతురి నిశ్చితార్థానికి వెళ్లి, మండీలో పనుందని నాయన భోంచెయ్యకుండా వచ్చేశాడు. "నా ఇంట్లో మెతుకు ముట్టకుండా పాయనే" అని అత్త చాలాకాలం మాతో మాట్లాడలేదు. తల్లి పోయాక నాయన్ని చంకనేసుకుని పెంచింది ఆమే. ఆ మాటల్లేని రోజుల్లో నాయన ఎన్నిసార్లు ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాడో నేను చూశాను. ఈ క్రిస్మస్‌కే ఆమె మెత్తబడి, తనే ఫోన్ చేసి పండగ వందనాలు చెప్పింది. ఇప్పుడు భోజనానికి రానంటే ఇక అంతే. వస్తానంటే సంగటి పాయె. నాయన, "రేపు మేము ఉపవాస ప్రార్థనలో ఉండామక్కా" అన్నాడు.

వంటింట్లో అమ్మ చేతిలోని గరిటె కింద పడింది. అవతల అత్త గొంతు ఒక్కసారిగా తడిగా అయిపోయింది. "నువ్వా? ఉపవాసమా? స్తోత్రం నాయనా! దేవుడు నా మొర విన్నాడు" అని పెట్టేసింది. అమ్మ బయటికొచ్చి, "దేవుని పేరు చెప్పి అబద్ధమాడతావా?" అంది. "అబద్ధం యాడుండాది? రేపు మనం బిర్యానీకి ఉపవాసమే గదా" అన్నాడు నాయన. ఆ తర్కానికి నేను పొంగిపోయాను. లెక్కల టీచర్ని కదా!

మర్నాడు పొద్దుటి చలిలో ఇల్లంతా వాసన. వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, పప్పులో తెల్లగడ్డల తిరగమోత. అమ్మ సంగటి గిన్నెను రెండు పాదాల మధ్య అదిమిపట్టి కట్టెతో తిప్పుతోంది. నేనూ నాయనా పంక్తిలో పిల్లల్లా అన్నం తట్టలు ముందేసుకుని కూర్చున్నాం. అప్పుడు గేటు ముందు ఆటో ఆగింది. కిటికీలోంచి తొంగిచూసిన నాయన, "అక్క!" అన్నాడు.

అత్తతో పాటు వచ్చిన మామకు మోకాళ్ల నొప్పి. ఆయన ఆటోలోంచి ఒక కాలు, కాసేపాగి ఇంకో కాలు దించేంత వ్యవధి మాకు దొరికింది. అత్తకు ఎవరింటికెళ్లినా నేరుగా వంటింట్లోకి వెళ్లి నీళ్లు ముంచుకునే అలవాటు. పప్పు, ఊరిబిండి ఫ్రిజ్‌లోకి తోశాం. తట్టలు మంచం కిందికి వెళ్లాయి. సంగటి గిన్నె ఎక్కడా పట్టలేదు. హాల్లో ఒక మూల క్రిస్మస్‌కి నేనూ నాయనా వరిగడ్డితో కట్టిన పశువుల పాక ఉంది. మట్టి గొర్రెలు, గొల్లవాళ్లు, తొట్టెలో బాలయేసు. నేను గిన్నె పట్టుకెళ్లి ఆ పాక వెనక పెట్టి, మూత కోసం వెతికే టైం లేక, పైన నా చున్నీ ఒకటి కప్పేశాను. "అక్కడా?" అన్నట్టు అమ్మ కళ్లతోనే తిట్టింది.

అత్త చంకలో బైబిలు, చేతిలో పెద్ద క్యారియరుతో వచ్చింది. "మీరు మాత్రమే ఉపవాసముంటే మేము పొట్టేలు తింటా కూర్చుంటామా? మేమూ మీతోనే. పొద్దుగూకేదాకా ప్రార్థన చేసి, అప్పుడు ఉపవాసం విడుద్దాం. దానికి బిర్యానీ తెచ్చినా" అంది. ఏ బిర్యానీకి భయపడి ఇంత నాటకమాడామో, అది ఆటో ఎక్కి ఇంటికే వచ్చేసింది. మామ ఎప్పుడూ ఏమీ అనడు. కానీ ముక్కు మాత్రం రెండుసార్లు ఎగబీల్చాడు.

అత్త ప్రార్థన మొదలుపెడితే ఆపడం అయ్యగారి వల్ల కూడా కాదు. "ప్రభువా, నా తమ్ముడు చిన్నప్పుడు చద్దిసంగటి కోసం ఉట్టి పగలగొట్టినాడు. అట్లాంటోన్ని ఈ దినం ఉపవాసానికి కూర్చోబెట్టినావు!" అంటూ ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే, నాయన తల ఇంకా ఇంకా కిందికి వంగిపోతోంది. ఆ కన్నీళ్లు చూశాక నిజం చెప్పేద్దామా అనిపించింది (సగం ఆకలి వల్ల అనుకోండి). అందరం కళ్లు మూసుకున్నామని నేననుకున్నాను. మామ మాత్రం మూసుకోలేదు.

"పాక కాలతాండాది!"

మామ గొంతు అంత పెద్దదని ఆ రోజే తెలిసింది. చూద్దును కదా, పాక వెనకనుంచి తెల్లగా పొగ లేస్తోంది. నేను "మామా, వద్దు!" అనేలోపే ఆయన మోకాళ్లు మరిచిపోయి లేచి, అత్త పక్కనున్న చెంబు తీసుకుని నీళ్లన్నీ దాని మీద గుమ్మరించాడు. గొర్రెలు పల్టీ కొట్టాయి. ఒక గొల్లవాడి తల ఊడింది. కేక విని ఖాలా బకెట్టు నీళ్లతో వెనక తలుపులోంచి పరిగెత్తుకొచ్చింది. వచ్చి, వంగి చూసి, చున్నీ ఎత్తి, "అరె, ఇది సంగటి కదక్కా! పొగ కాదు, ఆవిరి. నాకు ముద్ద తీసిపెడతానంటివే, ఈడ యాల దాచిపెట్టినావు?" అంది.

అమ్మ గోడ కేసి చూస్తోంది. అత్త లేచి బైబిలు సంచిలో పెట్టుకుంది. నాయన ఆమె ముందు నిలబడి, మండీలో అంత అరిచే మనిషి, వినీ వినబడకుండా అన్నాడు. "అక్కా, నీ ఇంటికి రాకూడదని కాదు. బిర్యానీ అంటే కడుపులో తిప్పుతాండాది. సంగటి మీదికి మనసు పోయింది. రానంటే నువ్వు మళ్లా మాట్లాడవని భయమేసింది."

"సంగటి కావల్లంటే నన్ను అడగాల కదరా!" అంది అత్త. ఆమె గొంతులో కోపం కంటే వేరే ఏదో ఉంది. "నీకు ముద్ద మింగేది నేర్పించిందెవురు? నమలద్దురా, పప్పులో అద్ది మింగు అని ఎన్నిమార్లు చెప్పినా? నీ అక్కకు బిర్యానీ తప్ప ఏం చేతగాదనుకుంటివా? మీరొస్తాండారని, మంచిగా పెట్టల్లని చేస్తి. మాకేమన్నా అది దిగతాండాదా? నీ మామ మూడు దినాలుగా చారన్నం అడగతాండాడు."

మామ తలూపాడు.

తర్వాత ఆమె సంచి కింద పెట్టి, కొంగు దోపుకుని, గిన్నె ముందు కూర్చుంది. చున్నీ మీద పడిన నీళ్లు సగం సంగట్లోకి దిగాయి. వేలితో నొక్కి చూసి, "నీళ్లు పడకముందే ఉండలు కట్టినట్టుండాదే, ఏమ్మా?" అంది అమ్మ వైపు చూడకుండా. "మా ఇంట్లో ఎప్పుడూ ఉండలు కట్టదు వదినా" అంది అమ్మ, అంతే చల్లగా. గిన్నె మళ్లీ పొయ్యెక్కింది. అత్త ఇంకొంచెం పిండి వేసి కట్టె పట్టింది, అమ్మ గిన్నె పట్టింది. ఇద్దరి మధ్యా యుద్ధమో సంధో తేలకుండానే సంగటి నున్నగా తయారైంది. ఫ్రిజ్‌లోంచి పప్పు వచ్చింది, మంచం కిందినుంచి తట్టలొచ్చాయి. ఖాలాకు మొదటి ముద్ద. ముద్దలో గుంట చేసి, పప్పూ నెయ్యీ పోసి, ఊరిబిండి అంచున పెట్టుకుని మేమంతా తిన్నాం. నాయన నమలబోతుంటే అత్త, "మింగరా" అంది. యాభై దాటిన మనిషి మారుమాట్లాడకుండా మింగాడు. బిర్యానీ క్యారియరు మూలన అట్లాగే ఉండిపోయింది. దాని మూత ఎవరూ తియ్యలేదు.

తిన్నాక హాల్లో చాపలు పరిచి అందరం పడిపోయాం. ఒక పక్క అత్త గురక, ఇంకో పక్క నాయన గురక, అక్కా తమ్ముళ్లని ఎవరైనా పోల్చగలిగేలా ఒకే రాగం. ఒక్క కునుకు తీసి బస్సు పట్టుకుందామనుకున్నాను. కళ్లు తెరిచేసరికి అమ్మ దీపం వేస్తోంది, కుప్పం బస్సు ఎప్పుడో పోయింది. మర్నాడు తెల్లవారుజామున బయల్దేరి, ఆలస్యంగా బడికి చేరి, హెడ్మిస్ట్రెస్ ముందు నిలబడి "బస్సు దొరకలేదు మేడమ్" అన్నాను.

ఇప్పుడు నేనూ క్రిస్మస్ సెలవుల ఆఖరి రోజున సంగటి చేస్తాను. నున్నగానే వస్తుంది. కానీ ఒక్క ముద్ద తినేసరికి కడుపు నిండిపోతుంది, మధ్యాహ్నం పడుకుంటే రాత్రి నిద్ర పట్టదేమోనని భయం. అప్పుడు రెండు ముద్దలు మింగి, అంత గురకల మధ్య, రేపటి బడి సంగతే మరిచిపోయి నిద్రపోయిన ఆ పిల్లను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. కొంచెం కుళ్లు కూడా, నిజం చెప్పొద్దూ.