‘ఇంకా ఉంది’ అని రాసిన పాపం

ఈమధ్య నా బ్లాగును కొత్త చోటికి మారుస్తుంటే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: ఫీడ్‌లో పూర్తి వ్యాసం పంపాలా, మొదటి కొన్ని మాటలే పంపాలా? ఎదురుగా రెండు గుండ్రాలు, ఏదో ఒకటి నొక్కాలి. ఎవరికైనా క్షణం పని. నేను మాత్రం మౌస్ మీద చెయ్యి పెట్టుకుని కాఫీ చల్లారేదాకా కూర్చున్నాను. ఒకసారి ఆ రెండో గుండ్రాన్ని నొక్కినందుకు నాకు బాగా శాస్తి జరిగింది మరి.

కొన్నేళ్ళ కిందటి మాట. మార్కాపురం బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఊరికే ఉండలేక, మా నాయన మేస్త్రీగా పనిచేసిన పలకల ఫ్యాక్టరీ సంగతులు బ్లాగులో రాయడం మొదలుపెట్టాను. ఫీడ్ పెట్టుకుంటే మనం రాసింది చందాదారులుగా చేరినవాళ్ళ దగ్గరికి దానంతట అదే వెళ్ళిపోతుందని, పైసా ఖర్చు లేకుండా నలుగురికీ చేరుతుందని ఎక్కడో చదివి, అదీ పెట్టాను. “ఫీడంటే కోళ్ళకేసే దాణా కదా?” అన్నారు మా ఆయన. ఆయన్ని అని ఏం లాభం, నెలలు గడిచినా ఆ దాణాకి వచ్చింది ఒకటే కోడి. చందాదారులు అన్నచోట ‘1’ అనే అంకె కదలకుండా కూర్చుంది. అది నేనేనేమోనని వెతికి చూశాను. నేను కాదు! మా ఆయన్ని నిలదీశాను. “నువ్వు ఇంట్లో చెప్పేది వినేదానికే నాకు తీరిక లేదు, మళ్ళీ అది కూడా చదవాల్నా?” అన్నారు. మరి ఎవరు? నా దగ్గర చదువుకున్నవాళ్ళా? నాయన దగ్గర పనిచేసినవాళ్ళ పిల్లలా? ప్రతి సోమవారం నేను రాసిందల్లా తీసుకుంటారు, ఒక్క ముక్క బదులు రాయరు. పప్పు పొయ్యి మీద మాడిపోతున్నా నాకు అదే ధ్యాస.

అప్పుడు తట్టింది ఆ పాడు ఉపాయం. ఫీడ్‌లో మొదటి పేరా మాత్రమే పంపి, కింద ‘ఇంకా ఉంది’ అని లింకు పెడితే, మిగతాది చదవడానికి ఆ మనిషి నా సైటుకి రాక తప్పదు. వస్తే ఏ ఊరో అయినా తెలుస్తుంది. ఆ వారం నేను రాసింది పలకలకు చట్రాలు బిగించే ఒకామె గురించి. అప్పటికి ముప్పై ఏళ్ళ కిందట, విదేశాలకు పోవాల్సిన పలకల కట్ట పగిలితే, ఆమే పగలగొట్టిందని అందరి ముందూ నిలబెట్టి తిట్టి పనిలోంచి తీసేశారు. ఆమె పేరు కూడా నాకు తెలియదు. నాయన పోయే ముందు ఆమె గురించి చెప్పిన మాట రాయడానికే ఆ వ్యాసం మొదలుపెట్టాను. యంత్రానికి ఇవన్నీ ఏం తెలుస్తాయి? “పోయే ముందు నాయన ఆమె గురించి నాతో ఒక మాట అన్నాడు, అదేమిటంటే” అన్నచోట కత్తిరించి, ‘ఇంకా ఉంది’ తగిలించి పంపేసింది.

సైటుకి ఎవరూ రాలేదు. రెండు వారాల తర్వాత ఒక మెయిల్ వచ్చింది. “అక్కా, మాది గిద్దలూరులో నెట్ సెంటరు. మీరు పంపేవి ప్రింటు తీసి దుకాణం అద్దానికి అంటిస్తా ఉంటా. ఇంకా ఉంది అంటే సీరియల్ అనుకున్నాము. పై వారం వస్తాదిలే అని అవ్వకు చెప్పినాను. పై వారం మీరు వేరే కథ పంపినారు. అవ్వ రోజూ వచ్చి కూర్చుంటా ఉంది. ఆ మాట ఏందో పంపక్కా.”

మొదట పకపకా నవ్వాను. వారపత్రికల్లో సీరియల్స్ చదివిన జనానికి ‘ఇంకా ఉంది’ అంటే పై వారం దాకా ఆగమనే కదా అర్థం! తర్వాత నవ్వు ఆగిపోయింది. ఏ అవ్వ? రోజూ ఎందుకు కూర్చుంటోంది? మర్నాడు పొద్దున్నే రైలెక్కాను.

దుకాణం అద్దం నిండా నేనే! ఎండకు పసుపెక్కిన కాగితాలు, మూలలకు టేపు. జిరాక్సుకు వచ్చినవాళ్ళు, ఆధార్ పని మీద వచ్చినవాళ్ళు నిలబడి చదువుతున్నారు. నా ఒక్క చందాదారు గడ్డం నెరుస్తున్న ఒక భాయ్. “మా అమ్మ గూడా పలకలకు పాలిష్ పట్టిందక్కా, అందుకే అంటిస్తా,” అంటూ నాకు చాయ్ తెప్పించారు. బల్ల మీద కూర్చున్న అవ్వకు చదువు రాదు, భాయ్ చదివి వినిపిస్తే విన్నదట. నన్ను ఎగాదిగా చూసి, “మేస్త్రి కూతురివా? ఆ పలకలామెను నేనే. చెప్పు పాపా, మీ నాయన ఏమన్నాడు?” అంది.

సిగ్గుతో చచ్చిపోతూ నాయన మాటను ఉన్నదున్నట్టు చెప్పాను: “పలకలు పగలగొట్టింది ఆమె కాదు పాపా. కట్ట నా చేతిలోంచే జారింది. భయపడి నోరు మూసుకున్నా.”

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని భాయ్ వైపు తిరిగింది. “అది గూడా అంటించు నాయనా, పెద్ద అక్షరాలతో. అప్పుడు అందరి ముందరే కదా నన్ను అనింది.”

భాయ్ ప్రింటు తీశారు. అంటించింది నేను. టేపు వంకరగా పడింది.

ఇప్పుడు మొదటి గుండ్రం నొక్కి, చల్లారిన కాఫీ తాగేశాను. నాయన ఆమెను ముప్పై ఏళ్ళు ఎదురుచూసేలా చేశాడు, నేను చేసింది రెండే వారాలు. కానీ రోజూ వచ్చి ఆ బల్ల మీద కూర్చున్న అవ్వను అడిగితే, ఏది ఎక్కువ పొడుగని చెప్పేదో నాకు తెలుసు.